కంచెదొర గొంతు

కాళ్ళూ మనసూ పంచాయితీ పెట్టుకుంటే చివరికి కాళ్ళే గెలుస్తాయి. ఇంతసేపూ పాత పుస్తకాల కొట్టు మెట్ల మీద, పైకెక్కాలా వెనక్కి తిరగాలా తేల్చుకోలేక గోడ పట్టుకుని నిలబడ్డ మిషనమ్మ, ఇదిగో, ఎక్కేసింది.

మిషనమ్మ అంటే కుట్టుమిషనమ్మ. సందు చివర ఒంటిగదిలో తెల్లారింది మొదలు బట్టలు కుడుతుంది కాబట్టి అందరి నోటా అదే పేరు. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు. పసితనంలో చొక్కా గుండీ ఒకటి మింగి ఇంటిల్లిపాదినీ హడలగొట్టింది గనక దానికి గుండీ అనే పేరు స్థిరపడింది. ఆ గుండీ పెద్దదై, ఒక రోజు సంచి సర్దుకుని "వస్తానమ్మా" అని వెళ్ళింది. పోట్లాట లేదు, ఏడుపుల్లేవు. వెళ్ళిన మనిషి మళ్ళీ గుమ్మం తొక్కలేదు. ఇప్పుడు ఆ పేరుతోనే బొమ్మల కథలు గీస్తోందనీ, ఆ పుస్తకాలంటే జనం చెవి కోసుకుంటున్నారనీ, అవి చదివేవాళ్ళంతా ఆదివారం పొద్దున ఈ కొట్టు మేడ మీద కూడతారనీ, ఈ ఆదివారం గుండీ కూడా వస్తుందనీ, కోటు కుట్టించుకుంటున్న ఒకావిడ మాటల్లో విన్నది మిషనమ్మ. ఆ కోటుకి చేతులు అతకకుండానే మిషను మీద పడేసి బయల్దేరింది. కూతురి ముఖం దూరం నుంచి ఒక్కసారి చూసి, తాను కనపడకుండా వచ్చెయ్యాలి. ఆవిడ కోరికల్లా అంతే.

గది చిన్నదే. గోడలన్నీ పుస్తకాలే. మధ్యలో ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, కిటికీ దగ్గర సొట్టలు పడ్డ టీ కెటిల్, పాత కాగితం వాసన. గుండీ ఇంకా రాలేదు. ముగ్గురు మాత్రం ఉన్నారు, ముగ్గురే ముప్ఫై మంది పెట్టు మాట్లాడుకుంటున్నారు.

"ముందు నేను చెప్పేది వినండి," అంటున్నాడు ఒకతను. పళ్ళ డాక్టరు. ఆదివారం కూడా ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"అందరి నోళ్ళూ తెరిపించి మాట్లాడేది మాత్రం నువ్వే," అంది ఎదురుగా కూర్చున్న బస్సు కండక్టరు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఖాకీ చొక్కాలోనే ఉంది. బూట్ల లేసులు వదులు చేసుకుని కాళ్ళు చాపుకుంది.

మూడో మనిషి కొట్టు యజమాని. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. తలుపు దగ్గర నిలబడ్డ మిషనమ్మను ముందు చూసింది ఆయనే.

"రండమ్మా రండి. కొత్తవారా? కంచెదొర కోసమేనా?"

కాదంటే ఎందుకొచ్చావంటారు. మిషనమ్మ తల ఊపింది.

"ఏ పుస్తకం దాకా చదివారు?"

"చదవలేదు," అంది. అబద్ధం ఆడటానికి కూడా కాస్త తెలిసి ఉండాలి కదా.

కండక్టరు నవ్వింది. "చదవకుండానే వచ్చారా పిన్నీ? పెళ్ళికొడుకుని చూడకుండా పెళ్ళికి ఒప్పుకున్నట్టుంది. ఇలా కూర్చోండి."

మిషనమ్మ తలుపు పక్కన గోడవారగా ఉన్న కుర్చీ ఎంచుకుంది. పెద్దాయన ఒక కప్పు టీ చేతికిచ్చి, కథ ఏమిటో చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పి చెప్పి అరిగిన కథే అయినా ఆయనకి ఉత్సాహం తగ్గలేదు.

కంచెదొర ఒక పట్నానికి అధికారి. చుట్టుపక్కల ఊళ్ళలో మాయదారి జ్వరం పుట్టింది. పట్నం చుట్టూ కంచె వేయించి, ఒక్కటే గేటు పెట్టించి, దానికి గడియ వేసి కూర్చున్నాడు. లోపలివాళ్ళు బతికారు. బయటివాళ్ళు కంచె పట్టుకుని చచ్చారు. ఆ గడియ దగ్గర ఉండేది ఒక చిన్నపిల్ల, కంచెదొర తమ్ముడి కూతురు. కంచె బద్దలు కొట్టాలని తిరిగే వీరుడు వేరే ఉన్నాడు. కథకి నాయకుడు అతనే. కానీ అతని గురించి ఈ గదిలో ఎవరూ మాట్లాడరు.

"వాడు మంచివాడు. మంచివాడి గురించి మాట్లాడటానికి ఏముంటుంది?" అన్నాడు డాక్టరు. "ఇదిగోనమ్మా, మావాడు." ఒక పుస్తకం తీసి అట్ట చూపించాడు.

మిషనమ్మ చూసింది.

బక్కపల్చటి మగమనిషి. నల్లకోటు. ముఖం ఎవరిదో, ఆవిడ ఎరగని ముఖం. కానీ నిలబడ్డ తీరు తెలిసినదే. మిషను మీదికి ఏళ్ళ తరబడి వంగినవాళ్ళకి వాలినట్టు ఎడమ భుజం కాస్త కిందికి వాలింది. పెదాల మధ్య మూడు గుండుసూదులు. మెడలో సన్నటి పట్టీ ఒకటి రెండు వైపులా వేలాడుతోంది.

"మెడలో ఉన్నది ఉరితాడు," అని వివరించాడు డాక్టరు. "తను చేసినదానికి శిక్ష తనే మెడలో వేసుకు తిరుగుతున్నాడన్నమాట. ఆ సూదులేమో అనలేని మాటలు. ఒక్కో సూదీ ఒక్కో మాట. నేను దీని మీద రెండు గంటలు మాట్లాడగలను."

"మాట్లాడావు కూడా, పోయిన నెల," అంది కండక్టరు.

మిషనమ్మ చెయ్యి దానంతటది శాలువా కిందికి పోయింది. కొలతల టేపు మెడలోనే ఉంది. మిషను ముందు నుంచి లేచి వచ్చిన తొందరలో తీయడం మరిచింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు దాన్ని మెల్లగా లాగి, చుట్ట చుట్టి, సంచి అడుక్కి తోసేసింది. చెవులు వేడెక్కాయి. సూదులు పెదాల మధ్య పెట్టుకునేది రెండు చేతులా గుడ్డ ఉన్నప్పుడు. అందులో అర్థం ఏమీ లేదు. ఆ మాట ఎవరికి చెప్తుంది?

"ఇంత పాపిష్టివాడంటే ఎందుకంత ఇష్టం?" అని అడిగింది. అడగాలనుకోలేదు, నోరు అడిగేసింది.

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "నేను రోజూ ఎంతమందికో నొప్పి ఉండదని చెప్తానమ్మా. ఉంటుంది. నాకు తెలుసు, వాళ్ళకీ తెలుసు. ఈయన మాత్రం, నొప్పి ఉంటుంది, పెట్టేది నేనే అని చెప్పి మరీ పెడతాడు. అలాంటి మనిషిని నేను బయట చూడలేదు."

"చూస్తే పళ్ళు రాలగొట్టేవాడివి," అంది కండక్టరు. తర్వాత నవ్వు ఆపి బూటు వైపు చూసుకుంటూ అంది. "నా సంగతి వేరు పిన్నీ. నేను రోజూ తలుపు వేస్తాను. పరిగెత్తుకొస్తున్న మనిషి అద్దంలో కనబడుతూనే ఉంటాడు. ఆగితే లోపల కిక్కిరిసినవాళ్ళు తిడతారు, ఆగకపోతే వాడు తిడతాడు. వేసేస్తాను. వేసేసి, నేను వాణ్ణి చూడలేదని నాకు నేనే చెప్పుకుంటాను. కంచెదొర అలా కాదు. చూశానంటాడు. చూసే వేశానంటాడు. తేడా అక్కడుంది."

"నాకు వాడంటే ఇష్టం లేదు," అన్నాడు పెద్దాయన. "కానీ వాడు లేని పేజీలు గబగబా తిప్పేస్తాను."

వచ్చే పుస్తకం ఆఖరిది. అందులో కంచెదొర చావాలా, బతకాలా, అతనికి క్షమాపణ ఉందా లేదా అని చదివేవాళ్ళు రెండు పక్షాలయ్యారు. అందుకే గుండీ మేడమ్ స్వయంగా వస్తోంది, వీళ్ళ మాట వినడానికి. ఇంకోటి కూడా అడగాలని కండక్టరు కాచుకుని ఉంది. గడియ దగ్గరి చిన్నపిల్ల, తన తండ్రి గేటు బయట చచ్చిపోయే గేటు పుస్తకం తర్వాత ఒక్క మాటైనా ఎందుకు మాట్లాడదు?

"తండ్రి పోయిన దిగులు," అన్నాడు డాక్టరు.

"దిగులైతే ఏడుస్తుంది. ఈ పిల్ల ఏడవదు. నోట్లో ఎవరో ఏదో కుక్కినట్టు ఉంటుంది. నాకు ఆ ముఖం నచ్చదు."

మిషనమ్మ టీ చల్లారిపోయింది. ఆవిడ తాగలేదు.

ఆ గదికి ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళు గేటు పుస్తకంలో కంచెదొర మాటలు పైకి చదవాలి. మిగతావాళ్ళు మిగతా పాత్రలు పంచుకుంటారు. ఆయన మాట ఒకసారి తన నోట్లో పెట్టుకుంటే గానీ ఆయన్ని తిట్టే హక్కుగానీ మెచ్చుకునే హక్కుగానీ ఎవరికీ రాదని పెద్దాయన పెట్టిన నియమం. మిషనమ్మ వద్దంది. కళ్ళద్దాలు తేలేదంది. పెద్దాయన తన కళ్ళద్దాలు తీసి ఇచ్చాడు. అవి సరిగ్గా సరిపోయాయి, ఆవిడ ఖర్మ.

"బయట తమ్ముణ్ణి నేను," అన్నాడు డాక్టరు. "చావడం నాకు బాగా వచ్చు."

"నేను పిల్లని," అంది కండక్టరు.

పుస్తకం తెరిచారు. తెల్లవారుజాము. వాన. గేటు అవతల ఒక మనిషి నీడ. ఇవతల గడియ మీద చెయ్యి వేసిన చిన్నపిల్ల. పిల్ల గౌనుకి భుజం దగ్గర అతుకు. ఆ అతుకు వేసింది ఎవరో మిషనమ్మకి తెలుసు. రంగు కలవని దారంతో, దీపం చాలక వంకరగా వేసిన అతుకు అది.

"అన్నా. తలుపు తియ్యి. ఒళ్ళు కాలిపోతోంది," అని చదివాడు డాక్టరు, బొంగురు గొంతుతో.

"పెద్దనాన్నా, నాన్న వచ్చాడు," అంది కండక్టరు. ఖాకీ చొక్కాలోంచి పసిగొంతు వచ్చేసరికి డాక్టరు ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నాడు.

మిషనమ్మ వంతు వచ్చింది. ఆవిడ వేలు మాటల కింద పెట్టుకుని చదివింది.

"గడియ మీద చెయ్యి తియ్యి."

చదివాక వేలు అక్కడే ఆగిపోయింది. పేజీలో ఉన్నవి అక్షరాలు కావు. అవి ఆవిడ ఇంట్లో, ఆవిడ నోటివెంట వచ్చిన మాటలు.

"నాన్న తడుస్తున్నాడు," అంది కండక్టరు.

"తెరిస్తే ముగ్గురం మునుగుతాం," అంది మిషనమ్మ. గొంతు పెంచలేదు. ఆ రోజూ పెంచలేదు. "తెరవకపోతే ఒక్కడే తడుస్తాడు."

గదిలో నవ్వు ఆగిపోయింది. ఇంతకుముందు ఆ మాట చదివినవాళ్ళు ఉరిమినట్టు చదివేవాళ్ళు, నాటకంలో రాక్షసుల్లా. ఈవిడ రేపటికి పిండి ఉందా అని అడిగినంత మామూలుగా అంది. డాక్టరు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. రుద్దుకున్నాడు.

ఆ తెల్లవారుజామున తలుపు కొట్టింది గుండీ తండ్రి. తాగితే ఇంట్లో ఏది దొరికితే అది విసిరే మనిషి. అంతకు రెండు రోజుల ముందు ఇస్త్రీపెట్టె విసిరాడు, అది గుండీ చెవి పక్కనుంచి పోయి గోడకి తగిలింది. అందుకే తలుపు తీయలేదు. ఆ రోజు తాగి వచ్చాడో లేదో ఆవిడకి ఈనాటికీ తెలియదు. వాసన చూడటానికి తలుపు తీస్తే కదా. మనిషి చాలాసేపు కొట్టాడు. తర్వాత మానేశాడు. మధ్యాహ్నానికి బస్సులు ఆగే చోట రేకుల కింద పడి ఉన్నాడని కబురు వచ్చింది. ఒళ్ళు చల్లబడిపోయింది. అంతదాకా ఆవిడ చేసినది ఏ తల్లైనా చేస్తుందేమో. ఆవిడ కూడా తనకి తాను అలాగే చెప్పుకునేది, ఏళ్ళ తరబడి.

కానీ ఆ తర్వాత ఒకటి ఉంది.

"పట్నం పెద్దలు అడుగుతున్నారు," అని పెద్దాయన పేజీ చూడకుండానే తన వంతు అందుకున్నాడు. "ఆ మనిషి మా వాడు. మా రక్తం. తెల్లారేదాకా గేటు కొట్టాడు. గడియ పెట్టింది ఎవరు?"

పేజీ అక్కడితో అయిపోయింది. జవాబు పేజీ తిప్పితే ఉంటుంది. మిషనమ్మ తిప్పలేదు. కళ్ళు మూసుకుని ఉంది. ఎదురుగా చావు ఇంట్లో కూడిన బంధువులు కనిపిస్తున్నారు. అత్తగారు తల బాదుకుంటూ, నా కొడుకుని బయట పెట్టి గడియ వేసింది ఎవరే అని అరుస్తోంది. అందరి కళ్ళూ తన మీద ఉన్నాయి. చెయ్యి ఎవరి భుజం మీద ఉందో గుర్తుంది. అతుకు గౌను భుజం మీద.

"పిల్ల పెట్టింది," అంది మిషనమ్మ. "నేను నిద్రలో ఉన్నాను."

కండక్టరు తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. తర్వాత డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మీరు పేజీ తిప్పలేదు. అలా లేదు అక్కడ." తనే చెయ్యి చాపి తిప్పాడు. పేజీ నిండా కంచెదొర, చాపిన చెయ్యి, పెద్ద అక్షరాలు. "ఇదీ మాట. గడియ పెట్టిన చెయ్యి ఇదే, నరికితే ఇదే నరకండి. ఈ ఒక్క మాట మీదే కదా మేమంతా పడి ఉన్నది. నేను దీన్ని ఫ్రేము కట్టించి క్లినిక్‌లో పెట్టాను. జనం దడుచుకుంటున్నారని నర్సు తీసేసింది."

"మీరన్న మాట అని ఉంటే," అంది కండక్టరు, మెల్లగా, కొత్త మనిషిని నొప్పించకూడదని, "ఈ గదిలో ఒక్క కుర్చీ కూడా ఉండేది కాదు పిన్నీ. చంపినవాణ్ణి చదువుతాం. చంపి చంటిదాని మీద నెట్టినవాణ్ణి ఎవరు చదువుతారు?"

మెత్తగా అన్న మాటే ఎక్కువ లోతుకు దిగుతుంది. మిషనమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తిట్టినవాళ్ళకి ఎదురు తిట్టొచ్చు. వీళ్ళు తిట్టలేదు. తన భుజాన్నీ, తన సూదుల్నీ, తన గొంతునీ ప్రేమించారు. ప్రేమించడానికి పనికిరాని ముక్క ఒకటి ఉంటే దాన్ని ఎవరో ముందే కత్తిరించి, అంచు మడిచి, లోపలికి కుట్టేశారు. ఎవరో ఏమిటి. తన దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లే.

"ఆవిడ చదివింది తప్పు కాదు," అన్నారు వెనక నుంచి.

గుండీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు. జుట్టు కురచగా కత్తిరించుకుంది. వేళ్ళకి సిరా. తండ్రి కళ్ళు. ఒక్కసారి చూసి వెళ్ళిపోదామనుకున్న ముఖం నేరుగా తన వైపే చూస్తుంటే మిషనమ్మ తల దించుకుంది.

"రండి మేడమ్, రండి," అని పెద్దాయన లేచాడు. గుండీ కూర్చోలేదు.

"మొదట నేను అలాగే రాశాను," అంది. "పిల్ల పెట్టింది, నేను నిద్రలో ఉన్నాను. ఇదే మాట. అచ్చుకి ఇచ్చే ముందు తుడిచేసి మార్చాను."

"బతికించారు," అన్నాడు డాక్టరు. "ఎందుకు మార్చారు?"

"ఆ మాట ఉంచితే నాకే వాడి మీద ప్రేమ పోతుందేమోనని భయమేసింది."

కండక్టరు ఒకసారి గుండీని చూసింది, ఒకసారి గోడవార కుర్చీలో కూర్చున్న మనిషిని చూసింది. అద్దంలో వెనక మనుషుల్ని చూసి చూసి ఆవిడకి ముఖాలు చదవడం అలవాటు. ఆవిడ చాపిన కాళ్ళు దగ్గరికి తీసుకుంది.

మిషనమ్మ లేచింది. తలుపు వైపు ఉన్న దారి ఒక్కటే. ఆ దారిలో కూతురు ఉంది. ఆవిడ కదలకుండా నిలబడి, నేల వైపు చూస్తూ చెప్పింది.

"ఈ అమ్మాయి నా కూతురు. ఆ చెయ్యి నాది. గడియ పెట్టింది నేను. పిల్ల పెట్టిందని చెప్పింది కూడా నేనే. దానికప్పుడు సరిగ్గా పలక పట్టుకోవడం కూడా రాదు. చావు ఇంట్లో అందరి ముందూ దాని భుజం మీద చెయ్యి వేసి మరీ చెప్పాను. అది నా ముఖం వైపు చూసింది. కాదని అనలేదు. అప్పటినుంచీ అది ఇంట్లో మాట్లాడటం మానేసింది. పోనీలే, అల్లరి తగ్గిందని నలుగురితోనూ చెప్పుకున్నాను."

చెప్పడం అయిపోయింది. ఇక తిడతారని చూసింది. ఎవరూ తిట్టలేదు. కండక్టరు కిటికీ వైపు తిరిగింది. పెద్దాయన చేతిలో పుస్తకం మూసి, అట్ట కిందికి ఉండేలా ఒళ్ళో పెట్టుకున్నాడు. డాక్టరు మాత్రం ఆవిడ ముఖంలోకి చూశాడు, వాలిన భుజం చూశాడు. అతని కళ్ళలో వెలుగు ఒకటి వచ్చింది, కోరి కోరి వెతికిన మనిషి కనబడినప్పుడు వచ్చే వెలుగు.

"అంటే మీరేనా..." అని సగం లేచాడు.

"కూర్చో డాక్టరూ," అంది కండక్టరు, తిరక్కుండానే.

అతను కూర్చున్నాడు. ఆ వెలుగు కంటే చెంపదెబ్బ నయం అనిపించింది మిషనమ్మకి.

గుండీ దగ్గరికి వచ్చింది. తల్లి ఒళ్ళోంచి జారిన కళ్ళద్దాలు నేల మీద ఉన్నాయి. వాటిని తీసి పెద్దాయన చేతికిచ్చింది.

"నాకు తెలిసిన సంగతే నాకు చెప్పావమ్మా," అంది. "వీళ్ళకీ చెప్పావు. బాగుంది. కానీ వీళ్ళు రేపు బస్సెక్కి ఎవరి దారిన వాళ్ళు పోతారు. తెలియాల్సిన మనిషి ఒకరున్నారు కదా."

మిషనమ్మ తలెత్తింది.

"నాయనమ్మ పోయిన నెల నా దగ్గరికి వచ్చింది. చూపు ఆనడం లేదు. ఎవరినో బతిమాలుకుని, నా ఇల్లు వెతుక్కుని వచ్చింది. ఇన్నేళ్ళూ నా నీడ కూడా తగలనివ్వలేదు గుర్తుందా? కొడుకుని మింగినదానా అని చావు ఇంట్లో అందరి ముందూ అంది. ఇప్పుడు నన్ను క్షమిస్తుందట. అందరి ముందూ తిట్టాను గనక అందరి ముందే క్షమిస్తానంటోంది. అప్పటి బంధువులు ఎవరు మిగిలారు? ఈ గదిలో నలుగురు ఉంటారని తీసుకొచ్చాను."

"నువ్వు ఏమన్నావు?" అంది మిషనమ్మ.

"సరే అన్నాను. ఎవరి తప్పుకైతే ఏమిటి, దొరికిన క్షమాపణ వదులుకోవడం ఎందుకని. నేనూ అలిసిపోయాను." గుండీ తలుపు వైపు చూసింది. "నువ్వు ఇక్కడ ఉంటావని నేను అనుకోలేదు. మెట్లు ఎక్కుతోంది. పట్టుకుంటానంటే వద్దంది. ఒక్కో మెట్టు దగ్గరా ఆయాసం తీర్చుకుంటోంది."

నిజమే. వింటే వినబడుతోంది. చెక్కమెట్టు కిర్రుమంటుంది, ఆగుతుంది, మళ్ళీ కిర్రుమంటుంది. పెద్దాయన కుర్చీ ఒకటి తుడిచి తలుపుకి దగ్గరగా జరిపాడు. చేయడానికి వేరే పని ఏదీ తోచలేదు ఆయనకి.

ముసలావిడ గుమ్మంలోకి వచ్చింది. పిచ్చుకంత మనిషి అయిపోయింది. ఆ రోజు తల బాదుకుని అరిచిన మనిషి ఈవిడేనంటే నమ్మడం కష్టం. కళ్ళ మీద పాలపొర కమ్మినట్టు ఉంది. గదిలో ఉన్న నీడల వైపు ముఖం తిప్పి తిప్పి చూసింది.

"గుండీ. ఎక్కడున్నావే?"

గుండీ పలకలేదు. తల్లి వైపు చూస్తూ నిలబడింది. చిన్నప్పుడు చావు ఇంట్లో ఎలా చూసిందో అలాగే, కాదని అనకుండా, అవునని అనకుండా.

ముసలావిడ గాలిలో తడుముకుంటూ రెండడుగులు వేసింది. తలుపుకి దగ్గరగా ఉన్నది మిషనమ్మ. తడిమే చెయ్యి వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకుంది. ఎండుపుల్లలాంటి వేళ్ళు, అయినా పట్టు గట్టిగా ఉంది.

"ఇదిగో, దొరికావు," అంది ముసలావిడ. ఆయాసం తీర్చుకుంది. "ఈ నలుగురూ వినండి. ఇది పసిపిల్ల. నిద్రమత్తులో ఏం చేసిందో దానికేం తెలుసు. నేనే నోరు పారేసుకున్నాను. అనరాని మాట అన్నాను. బంగారుతల్లీ, నీ తప్పు నేను మరిచిపోయాను. నీ మీద నాకు కోపం లేదు. నా కొడుక్కీ ఉండదు. నువ్వూ నన్ను క్షమించు."

అంటూ ఆ మణికట్టుని రెండు చేతులా పట్టుకుని తన చెంపకి ఆనించుకుంది. చెంప తడిగా ఉంది.

ఎన్నో ఏళ్ళుగా ఏ దేవుడూ ఇవ్వనిది, ఏ నిద్రా ఇవ్వనిది, అడక్కుండా వచ్చి చేతిలో పడింది. నీ మీద కోపం లేదు. మిషనమ్మ ఒళ్ళంతా వదులైపోయింది. ఎండిన నేల నీళ్ళు తాగినట్టు ఆ మాటని తాగింది. ఒక్క క్షణం, ఇది నాదే, నాకే ఇచ్చింది అనుకుంది. ఊరుకుంటే చాలు. ముసలావిడ తృప్తిగా పోతుంది. కూతురు సరే అనే అంది కదా. ఎవరికీ నష్టం లేదు.

ఆ ఊరుకోవడం ఎంత హాయిగా ఉందో తెలిసేసరికి, ఆవిడకి తన మీద తనకే అసహ్యం పుట్టింది. పిల్లకి రావాల్సిన మాట అది. అది కూడా తానే తీసుకుంటోంది, పిల్ల కళ్ళ ముందే.

గదిలో నలుగురూ చూస్తున్నారు. గుండీ రెప్ప వేయలేదు.

మిషనమ్మ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. రెండో చేత్తో కుర్చీ వీపు పట్టుకుంది.

"అత్తయ్యా," అంది.

చెంపకి ఆనించుకున్న చెయ్యిని అలాగే పట్టుకుని, ముసలావిడ ఆగిపోయింది. పొర కమ్మిన కళ్ళని ఆ గొంతు వచ్చిన వైపు ఎత్తింది.

"ఎవరది?"